కోచ్ కుర్చీ మీద తగువు

మా నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో హాకీ ఆడేది తక్కువ, చూసేదే ఎక్కువ. ఉదయగిరి దుర్గం కింద బయళ్ళలోనైనా, ఆత్మకూరు చుట్టుపక్కల ఎండిన చెరువుల్లోనైనా వేసవి సాయంత్రం కనబడేది క్రికెట్టే. సంక్రాంతికి వాలీబాల్, కబడ్డీ పందేలు. అయినా 2021 ఆగస్టు 5న టోక్యోలో మన జట్టు జర్మనీ మీద 5-4తో గెలిచి, 41 ఏళ్ళ తర్వాత హాకీలో ఒలింపిక్ పతకం తెచ్చినప్పుడు ఇక్కడి టీ కొట్ల దగ్గర కూడా ఒక్కో సెల్‌ఫోన్ చుట్టూ నలుగురైదుగురు మూగారు. మూడేళ్ళకు పారిస్‌లో స్పెయిన్ మీద 2-1తో మళ్ళీ కాంస్యం వచ్చినప్పుడూ అంతే. కోచ్ మారాడన్న వార్త వస్తే ఇక ఆట తెలిసినవాడూ తెలియనివాడూ ఒకటే. ఆ మాటలు దాదాపు ఇలా నడుస్తాయి:

"వాడెవుడబ్బయా, తెల్లోణ్ణి తెచ్చి మనోళ్ళకి హాకీ నేర్పిచ్చేది? ఎనిమిది బంగారు పతకాలు కొట్టినోళ్ళం మనం."

"కొట్టినాం మామా. ఆ ఎనిమిదోది కొట్టేటప్పటికి నువ్వింకా నిక్కర్లేసుకునేవోడివి."

మామ మాటా నిజమే, అల్లుడి మాటా నిజమే. 1928 నుంచి 1980 దాకా ఎనిమిది స్వర్ణాలు. ఆ తర్వాత 2008లో, చిలీలోని శాంటియాగోలో బ్రిటన్ చేతిలో 0-2తో ఓడి, అసలు ఒలింపిక్స్‌కే అర్హత లేకుండా పోయింది. ఈ రెంటి మధ్య, ఆ తర్వాతా ప్రతి ఓటమికీ ఒక కోచ్‌ని సాగనంపడం, ప్రతి నియామకానికీ ఒక రభస రేగడం అలవాటైపోయింది. హాకీలో, క్రికెట్‌లో, బ్యాడ్మింటన్‌లో ఆ రభసలన్నీ ఒకచోట పెట్టి చూస్తే అభిమాని కోపంలో పస ఎంతో, పొల్లు ఎంతో తేలుతుంది.

హాకీతోనే మొదలుపెడదాం. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ ముంగిట, ఇంకా కొద్ది వారాలే ఉన్నాయనగా, రాజిందర్ సింగ్‌ని తప్పించి జర్మన్ కోచ్ గెర్హార్డ్ రాచ్‌ని తెచ్చారు. అప్పటి సమాఖ్య అధ్యక్షుడు కె.పి.ఎస్. గిల్. పెళ్ళి పందిట్లో పెళ్ళికొడుకుని మార్చారని దేశమంతా తిట్టింది. జట్టు ఏడో స్థానంతో తిరిగొచ్చింది. తర్వాత ఆస్ట్రేలియా దిగ్గజం రిక్ చార్ల్స్‌వర్త్ సలహాదారుగా వచ్చి, పని చేయనివ్వడం లేదని కొద్ది నెలలకే వెళ్ళిపోయాడు. స్పెయిన్ నుంచి బ్రాసా, ఆస్ట్రేలియా నుంచి నాబ్స్ వచ్చి వెళ్ళారు. నాబ్స్ ఉన్నప్పుడే 2012 లండన్‌లో పన్నెండుకు పన్నెండో స్థానం. 2014లో టెర్రీ వాల్ష్ ఇంచియాన్ ఆసియా క్రీడల్లో పాకిస్తాన్‌ని ఓడించి స్వర్ణం గెలిపించాడు, కొద్ది వారాలకే అధికారుల తీరుతో వేగలేనని రాజీనామా ఇచ్చేశాడు. 2015లో వచ్చిన డచ్ కోచ్ పాల్ వాన్ ఆస్‌కి ఆరేడు నెలలు కూడా దక్కలేదు. బెల్జియంలో ఒక మ్యాచ్ అయ్యాక సమాఖ్య అధ్యక్షుడు నరీందర్ బాత్రా మైదానంలోకొచ్చి ఆటగాళ్ళ మీద కేకలేస్తుంటే అడ్డుపడడమే తను చేసిన నేరమని అతనన్నాడు.

వీటన్నిటికంటే విచిత్రమైనది 2017 నాటి వ్యవహారం. మగవాళ్ళ జట్టు కోచ్ రోలాంట్ ఆల్ట్‌మన్స్‌ని తీసేశారు. ఆ కుర్చీలోకి ఎవరొస్తారా అని అందరూ చూస్తుంటే, మహిళల జట్టుకి కోచ్‌గా ఉన్న శోర్డ్ మరీన్‌ని తెచ్చి కూర్చోబెట్టారు. మగవాళ్ళ జట్టుని ఆశిస్తున్న హరేంద్ర సింగ్‌ని మహిళల దగ్గరికి పంపారు. దరఖాస్తులు పిలిచి, గడువు ముగియకముందే చేసిన ప్రకటన ఇది. సీనియర్ మగవాళ్ళ జాతీయ జట్టుని నడిపిన అనుభవం మరీన్‌కి లేదని అభిమానులు మండిపడ్డారు. మహిళల జట్టుని శిక్షణ శిబిరంలా వాడుకుంటున్నారని మరికొందరు. ఈ రెండో మాట అన్నవాళ్ళు తక్కువ. నా లెక్కలో అసలు మాట అదే. 2018 కామన్వెల్త్ క్రీడల్లో మగవాళ్ళు నాలుగో స్థానంలో ఆగగానే ఇద్దరినీ మళ్ళీ తారుమారు చేశారు. హరేంద్ర ఇటు, మరీన్ అటు. భువనేశ్వర్ ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్‌లో నెదర్లాండ్స్ చేతిలో 1-2తో ఓడాక, 2019 జనవరిలో హరేంద్రకూ ఉద్వాసనే.

పనికిరాడని వెనక్కి పంపిన మరీన్ టోక్యోలో ఏం చేశాడో అందరికీ తెలుసు. ఎవరూ లెక్కలోకి తీసుకోని మన అమ్మాయిలు క్వార్టర్‌ఫైనల్‌లో ఆస్ట్రేలియాని 1-0తో ఇంటికి పంపి, నాలుగో స్థానం దాకా వెళ్ళారు. కాంస్య పోరులో బ్రిటన్‌తో 3-4తో ఓడినా ఆ రోజు దేశం ఆ జట్టుని గెలిచినవాళ్ళలాగే చూసుకుంది. అప్పుడు మరీన్ పేరు తలుచుకుని మెచ్చుకున్నవాళ్ళలో మూడేళ్ళ కిందట అతణ్ణి తిట్టినవాళ్ళు లేకపోలేదు. అతని తర్వాత యానెకె షాప్‌మన్ వచ్చింది. 2024 ఆరంభంలో రాంచీలో పారిస్ బెర్తు చేజారాక, ఈ దేశంలో ఆడమనిషి కోచ్‌గా పనిచేయడం ఎంత కష్టమో బాహాటంగా చెప్పి తప్పుకుంది. మళ్ళీ హరేంద్ర, 2025 చివర్లో అతని రాజీనామా, 2026 ఆరంభంలో మళ్ళీ మరీన్. కుర్చీలాటలో కూడా ఇన్ని చుట్లు తిరగరు.

ఈ జాబితా చదివితే నాకు ఒకటి కనబడుతుంది. ఎవరిని పెట్టారన్న దానిమీద అభిమాని వేసిన అంచనా చాలాసార్లు తప్పింది. ఎలా పెట్టారన్న దానిమీద అతని అనుమానం మాత్రం తప్పింది బహు తక్కువ. మరీన్ అసమర్థుడన్నది తప్పు, అతణ్ణి అటూ ఇటూ జరిపిన పద్ధతి అడ్డగోలుదన్నది ఒప్పు. మన తగువులో ఈ రెండూ కలిసిపోతాయి. పద్ధతిని అడగాల్సిన కోపమంతా మనిషి మీదికి, అందులోనూ అతని రంగు మీదికో ఊరి మీదికో మళ్ళుతుంది.

ఉదయగిరి, ఆత్మకూరు జనానికి ఈ వరస కొత్తదేం కాదు. ఎన్నికలకు ముందు ఏ పార్టీ అయినా నియోజకవర్గానికి కొత్త ఇన్‌చార్జిని ప్రకటించినప్పుడు చూడండి. పాత నాయకుడి మనుషులు ఫ్లెక్సీలు చించుతారు, స్థానికుడా స్థానికేతరుడా అని గొడవ లేస్తుంది. కొంచెం ఓపిగ్గా వింటే అడుగున ఉండే బాధ వేరు: "ఇన్నేళ్ళు జెండా మోసినాం, మాకొక్క మాట చెప్పలేదే." వెంకయ్యనాయుడు రెండుసార్లు గెలిచిన రోజుల నుంచీ ఉదయగిరి ఎందరినో చూసింది, బయటివాళ్ళనీ లోపలివాళ్ళనీ గెలిపించింది, ఓడించింది. కానీ ఓటరుకు అయిదేళ్ళకోసారైనా మీట నొక్కే వంతు వస్తుంది. ఆట అభిమానికి ఆ వంతు లేదు. అతని దగ్గరున్నది గొంతొక్కటే.

విదేశీ కోచ్ అన్న అభ్యంతరాన్ని ఎక్కువసేపు మోయనక్కర్లేదు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన గ్రాహం రీడ్ టోక్యో పతకం తెచ్చాడు, దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన క్రెయిగ్ ఫుల్టన్ పారిస్ పతకం తెచ్చాడు. నాబ్స్ కూడా విదేశీయుడే, లండన్‌లో ఆఖరి స్థానమూ విదేశీ కోచ్ హయాంలోదే. పాస్‌పోర్టు చూసి చెప్పగలిగేదేమీ లేదని దీనర్థం. స్వదేశీ కోచ్‌కి ఇచ్చే గడువు, జీతం విదేశీయుడితో పోలిస్తే తక్కువన్న ఫిర్యాదు మాత్రం వేరే సంగతి, అది న్యాయమైనది.

మంచు మీద ఆడే హాకీలో తగువు ఇంకోరకం. అమెరికాలోని కొలంబస్ జట్టు 2023 జులై 1న మైక్ బాబ్‌కాక్‌ని కోచ్‌గా ప్రకటించింది. ఆటగాళ్ళని వేధిస్తాడన్న పేరు అప్పటికే ఉంది. సీజన్ మొదలయ్యేలోపే, ఆటగాళ్ళ ఫోన్లలోని ఫొటోలు చూపించమని అడిగాడన్న సంగతి బయటపడి, ఒక్క మ్యాచ్ ఆడించకుండానే సెప్టెంబరు 17న రాజీనామా చేశాడు. 2025 మేలో అనాహైమ్ జట్టు జోయెల్ క్వెన్‌విల్‌ని తీసుకుంది. 2010లో షికాగో జట్టులో ఒక ఆటగాడి మీద జరిగిన లైంగిక దాడి ఫిర్యాదుని పట్టించుకోలేదన్న కారణంగా 2021లో అతను వేరే జట్టు కోచ్ పదవి వదులుకోవాల్సి వచ్చింది. మూడు కప్పులు గెలిచిన కోచ్ అతను. గెలుపోటములతో పనిలేకుండా, ఈ మనిషి చేతికి కుర్రాళ్ళని అప్పగించవచ్చా అని అక్కడి అభిమానులు అడిగారు. మన దగ్గర ఈ ప్రశ్న వినబడేది చాలా తక్కువ. కోచ్ కొడితే "మంచికే కొట్టాడ్లే" అనుకునే ఊళ్ళు మనవి.

క్రికెట్ దగ్గరికొస్తే కొట్టు దగ్గర గొంతులు పెరుగుతాయి. 2005లో గ్రెగ్ చాపెల్ వచ్చాడు. గంగూలీని తప్పించాక కోల్‌కతా జనం మన జట్టునే హేళన చేసేదాకా వెళ్ళింది. 2007 ప్రపంచకప్‌లో బంగ్లాదేశ్ చేతిలో ఓడాక ఏప్రిల్ 4న చాపెల్ తప్పుకున్నాడు. మన వి.వి.ఎస్. లక్ష్మణ్ తన ఆత్మకథలో అతణ్ణి ఘాటుగానే విమర్శించాడు. అదే లక్ష్మణ్ 2016లో సచిన్, గంగూలీలతో కలిసి కోచ్‌ని ఎంపికచేసే సలహా సంఘంలో కూర్చున్నాడు. 57 దరఖాస్తులొచ్చాయి. కుంబ్లేని ఎంచారు, ఏడాదికి. 2017 జూన్‌లో చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్‌లో పాకిస్తాన్ చేతిలో ఓడిన రెండు రోజులకు కుంబ్లే వెళ్ళిపోయాడు. కెప్టెన్‌కి తన పద్ధతి నచ్చలేదని చెప్పారని స్వయంగా రాసి మరీ వెళ్ళాడు. జులైలో రవిశాస్త్రి వచ్చాడు. లక్ష్మణ్ లాంటి పెద్దమనిషి ఉన్న సంఘం ఎంచిన కోచ్‌ని కెప్టెన్ ఇష్టాయిష్టాలు సాగనంపితే ఇక సంఘం ఎందుకని మన తెలుగు అభిమానులు అడిగారు. దానికి బోర్డు నుంచి జవాబు రాలేదు.

2024 జులై 9న వచ్చిన గంభీర్ సంగతి ఇంకా ఆరని కుంపటి. సొంతగడ్డ మీద న్యూజిలాండ్‌తో 0-3. 2025 మార్చిలో చాంపియన్స్ ట్రోఫీ చేతికి రాగానే అందరూ చల్లబడ్డారు. అదే ఏడాది నవంబరులో గువాహటిలో దక్షిణాఫ్రికా 408 పరుగులతో ఓడించాక గ్యాలరీలోంచే కోచ్‌కి వ్యతిరేకంగా నినాదాలు లేచాయి. తన ఐపీఎల్ జట్టు కోల్‌కతా మనుషులనే సహాయ కోచ్‌లుగా తెచ్చుకున్నాడన్నది ఒక ఆరోపణ. ఇక్కడి కుర్రాళ్ళ బాధ ఇంకా సూటిగా ఉంటుంది: మెల్‌బోర్న్‌లో సెంచరీ కొట్టిన మన వైజాగ్ నితీశ్‌రెడ్డిని జట్టులోకి తీసుకుంటారు, బౌలింగ్ ఇవ్వరేంది? ఇది అభిమానమే, కాదనను. ప్రశ్న మాత్రం సరైనదే. ఆల్‌రౌండర్‌గా ఎంచినవాడిచేత ఏ పని చేయించదలిచారో చెప్పాల్సింది కోచే.

సన్‌రైజర్స్ కథలో హాస్యం పాలు ఎక్కువ. నెల్లూరు జిల్లాకి చెన్నై దగ్గర కాబట్టి మెట్టలో పసుపు చొక్కా, నారింజ చొక్కా రెండూ ఉంటాయి. యజమానులు చెన్నైవాళ్ళు, పేరు హైదరాబాద్‌ది, కోచ్‌లు ఎక్కువ ఏళ్ళు ఆస్ట్రేలియావాళ్ళు. 2013 నుంచి టామ్ మూడీ ఉన్నాడు, 2016లో కప్పు వచ్చింది, ఏడు సీజన్లలో ఐదుసార్లు ప్లేఆఫ్. అతణ్ణి కాదని 2019 జులైలో, ఇంగ్లండ్‌కి ప్రపంచకప్ తెచ్చిన నాలుగు రోజులకే, ట్రెవర్ బెయిలిస్‌ని ప్రకటించారు. 2021లో వార్నర్‌ని కెప్టెన్సీ నుంచి, తర్వాత జట్టు నుంచీ తప్పించారు. తెలుగు పాటలకి స్టెప్పులేసి మన ఇళ్ళల్లో మనిషైపోయిన వార్నర్‌ని బెంచీ మీద, ఒక్కోసారి హోటల్ గదిలో కూర్చోబెట్టడం అభిమానులు ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ ఏడాది మూడంటే మూడు గెలుపులు, ఆఖరి స్థానం. మళ్ళీ మూడీనే తెచ్చారు. ఒక్క సీజన్‌కే పంపి లారాని కూర్చోబెట్టారు, 2023లో మళ్ళీ ఆఖరి స్థానం.

అప్పుడు వెటోరి వచ్చాడు. బెంగళూరులో ఏళ్ళ తరబడి ఉండి ఒక్క కప్పూ తేలేదు, పైగా 2016 ఫైనల్‌లో ఓడింది మన చేతిలోనే, వీడా మనకి దిక్కు అని నవ్వినవాళ్ళెందరో. 2024లో అదే జట్టు ముంబై మీద 277, బెంగళూరు మీద 287 కొట్టి ఫైనల్‌కి వెళ్ళింది. ఫైనల్‌లో 113కి కుప్పకూలింది, అది వేరే దుఃఖం. వెటోరిని ఎందుకు ఎంచారో యాజమాన్యం అప్పుడూ వివరించలేదు, ఇప్పుడూ వివరించలేదు. ప్రైవేటు జట్టు కాబట్టి చెప్పాల్సిన పని లేదంటారు. నాలుగు సీజన్లలో నలుగురు కోచ్‌లని మార్చిన యాజమాన్యాన్ని అభిమాని నమ్మకపోవడం మాత్రం అజ్ఞానం కాదు.

మనకి మరీ దగ్గరి కేసు బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్‌ది. పుట్టింది అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో, మా పొరుగు జిల్లా. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. 2006లో, ఇంకా ముప్పై మూడు నిండకుండానే, జాతీయ చీఫ్ కోచ్. 2003లో ప్రభుత్వం గచ్చిబౌలిలో ఇచ్చిన ఐదెకరాల్లో, నిమ్మగడ్డ ప్రసాద్ ఇచ్చిన విరాళంతో, తన ఇల్లు తాకట్టుపెట్టి తెచ్చిన డబ్బుతో అకాడమీ కట్టి 2008లో తెరిచాడు. అక్కణ్ణుంచే సైనా, సింధు, శ్రీకాంత్ వచ్చారు. ఒలింపిక్స్‌లో 2012లో సైనా కాంస్యం, 2016లో సింధు రజతం.

ఇంత చేసిన మనిషి మీద గొడవేంటి? డబుల్స్ ఆడిన గుత్తా జ్వాల ఏళ్ళ తరబడి అడిగినది ఒకటే: సొంత అకాడమీ నడిపేవాడు దేశానికి కోచ్‌గా, ఎంపికలో మాటున్నవాడిగా ఎలా ఉంటాడు? డబుల్స్ ఆటగాళ్ళని చిన్నచూపు చూస్తున్నారని, ఆ అకాడమీలో చేరని పిల్లకి దారి ఇరుకైందని ఆమె ఫిర్యాదు. డబుల్స్ ఆటగత్తె ప్రాజక్తా సావంత్ బాంబే హైకోర్టు దాకా వెళ్ళింది. 2014లో సైనాయే అకాడమీ వదిలి బెంగళూరులో విమల్ కుమార్ దగ్గరికి వెళ్ళి, 2017లో తిరిగొచ్చింది. తెలుగునాట మనం ఈ తగువుని ఇద్దరు తెలుగువాళ్ళ మధ్య మొహమాటంగా, ఒకోసారి అసహ్యంగా చూశాం. జ్వాలని నోటి దురుసు మనిషన్నారు, ఆమె తల్లి చైనీయురాలన్నది కూడా తవ్వితీశారు. గోపీచంద్ పతకాలు చూపించి ఆమె నోరు మూయించబోయారు. అడిగిన ప్రశ్నకీ ఆ పతకాలకీ సంబంధం లేదు. అతను మహా కోచ్ అన్నదీ నిజమే, ఒకే మనిషి చేతిలో అన్ని తాళం చెవులు ఉండకూడదన్నదీ నిజమే. ఎవరు, ఎలా అన్న రెండు ప్రశ్నలూ ఇంత పచ్చిగా విడివడి కనబడే కేసు మన ఆటల్లో మరోటి లేదు. అందుకే జ్వాల పక్షాన మనం ఇంకా గట్టిగా నిలబడాల్సిందని నా ఉద్దేశం.

అడిగే హక్కు ఎక్కడిదంటారా? హాకీలో, బ్యాడ్మింటన్‌లో విదేశీ కోచ్‌ల జీతాలు చాలావరకు కేంద్ర క్రీడాశాఖ సొమ్ము. 2018 నుంచి హాకీ జట్ల చొక్కాల మీద ఒడిశా ప్రభుత్వం పేరు ఉంది, అదీ జనం పన్నే. 2025లో జాతీయ క్రీడా పాలన చట్టం వచ్చింది. ప్రభుత్వ డబ్బు తీసుకునే సమాఖ్యలని సమాచార హక్కు కిందికి తెచ్చారు, తీసుకోని క్రికెట్ బోర్డు ఆ మేరకు బయటే ఉంది. అంటే అభిమాని నిలదీయగలిగిన చోట, హాకీలో, అతనికి ఆసక్తి తక్కువ. ఆసక్తి ఉన్న చోట నిలదీసే కాగితం లేదు. ఎంతమంది దరఖాస్తు పెట్టారు, ఎవరు ఇంటర్వ్యూ చేశారు, ఏ అర్హతలు చూశారు, గడువెంత, ఏ ఫలితం రాకపోతే తీసేస్తారు: ఒక్క పేజీ పెడితే చాలు. 2017లో ఆ పేజీ ఉండి ఉంటే గడువుకు ముందే ఫలితం ప్రకటించే సాహసం ఎవరూ చేసేవారు కారు.

అసలు ఈ తగువులో మా ప్రాంతానికి దక్కాల్సిన కోచ్ ఒకడున్నాడు, అతని ప్రస్తావన ఎవరూ తేరు. జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీ సారు. పొద్దున ప్రార్థనకి విజిల్ ఊదేది ఆయనే, ఆలస్యంగా వచ్చినవాళ్ళని ఎండలో నిలబెట్టేది ఆయనే, పరీక్షలకి డ్యూటీ, ఎవరైనా సెలవు పెడితే ఆ క్లాసు, ఎన్నికలొస్తే ఆ పనీ ఆయనకే. మండల పోటీలకి వారముందనగా గ్రౌండులో ముళ్ళచెట్లు కొట్టించి, సున్నంతో గీతలు గీయించి, ఆటల గది తాళం తీస్తాడు. లోపల గాలి దిగిన వాలీబాల్ రెండు, చీలిన బ్యాటొకటి ఉంటే గొప్ప. ఉన్నంతలో పిల్లల్లో ఎవడు పరిగెత్తగలడో, ఎవతె గురిపెట్టగలదో ముందు కనిపెట్టేది ఆ కళ్ళే. అప్పటి చిత్తూరు జిల్లా పల్లెటూరి నుంచి వచ్చి భారత హాకీ జట్టుకి గోల్‌కీపరైన రజని ఎతిమార్పు లాంటివాళ్ళని చూసినప్పుడు, మన ఉదయగిరి పిల్లల్లో అలాంటి చేతులు ఎన్ని కర్ర పట్టకుండానే పెద్దవైపోయాయోననిపిస్తుంది.

2025లో ఆంధ్రప్రదేశ్‌లో 16,347 టీచరు పోస్టులకి మెగా డీఎస్సీ జరిగింది. అందులో పీఈటీ పేరుతో ఉన్నవి 132. స్కూల్ అసిస్టెంట్ల లెక్కలో అంతకంటే ఎక్కువమంది వ్యాయామోపాధ్యాయులు ఉన్నారు. ఏ బడికి ఎవరు వస్తున్నారు, ఆయన ఏ ఆట ఆడినవాడు, ఆ బడికి గ్రౌండుందా అని నియామకాల వేళ కొట్టు దగ్గర ఒక్క తగువూ వినబడలేదు. గంభీర్‌ని ఎప్పుడు తీసేస్తారన్న మాటే నడిచింది. "మన బళ్ళో ఆటల సారు ఎవురు మామా?" అని అడిగి చూడండి, అరక్షణం ఆలోచించి, "ఉండాడా అసలు?" అని ఎదురడుగుతారు. ఆ సంగతి కనుక్కోవడానికి బడి గేటు దాకా పోతే చాలు. హెడ్మాస్టరు దగ్గర హాజరు పట్టీ ఉంటుంది, తల్లిదండ్రుల కమిటీ సమావేశానికి తేదీ ఉంటుంది, ఆటల సామాను ఎంత కొన్నారో చూపించాల్సిన పుస్తకమూ ఉంటుంది.